క్యాండిడ్ అన్నారంటే మెచ్చుకున్నట్టా, తప్పు పట్టినట్టా?

లంకపిల్ల, అమలాపురం

అందరికీ నమస్కారమండి. ఒక్క ఇంగ్లీషు మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. నేను ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని చేస్తాను. మొన్న మా మేనేజర్ గారు ఏడాది రివ్యూలో నా గురించి రాస్తూ 'క్యాండిడ్' అన్నారు. డిక్షనరీ తీస్తే 'దాపరికం లేని, నిష్కపటమైన' అని ఉంది. సంతోషపడ్డాను. సాయంత్రం అన్నయ్యకి చూపిస్తే, 'అది పొగడ్త కాదే, నోరు కాస్త అదుపులో పెట్టుకోమని మర్యాదగా చెప్పడం' అన్నాడు. నాన్నగారు ఆ మాటని అన్నయ్య పెళ్లిలో ఫొటోల వాళ్ల దగ్గర విన్నారు. 'మనకి తెలియకుండా తీస్తారే, అది కదమ్మా క్యాండిడ్? ఆఫీసుకీ దానికీ ఏం సంబంధం?' అని అడిగారు. ముగ్గురం మూడు అర్థాలు పట్టుకుని కూర్చున్నాం. జీతం పెరగడం ఈ రివ్యూ మీదే ఆధారపడి ఉంటుంది, అందుకే ఇంత టెన్షన్. అసలు అర్థం ఏమిటండీ? తెలుగులో దానికి సరిపడే మాట ఏది?

బ్యాంకు బాబాయి, తణుకు

టెన్షన్ పడకమ్మా. ఫ్రాంక్‌గా మాట్లాడతావని అర్థం. 'ఫ్రాంక్‌గా చెప్పాలంటే' అనే మాట మా బ్రాంచిలో రోజుకి పదిసార్లు వింటాను. ఫ్రాంక్ అన్నా క్యాండిడ్ అన్నా ఒకటే. నిశ్చింతగా పడుకో.

రాజోలు మాస్టారు

బాబాయి గారు చెప్పింది తప్పు కాదు గానీ, సగమే. నేను చాలా ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఫ్రాంక్, క్యాండిడ్, బ్లంట్ ఈ మూడింటికీ పిల్లలందరూ ఒకే తెలుగు మాట రాసేవారు, 'నిర్మొహమాటమైన' అని. నేను మార్కులు తీయలేదు, ఎందుకంటే డిక్షనరీలూ దాదాపు అంతే చెబుతాయి. తేడా వాడకంలో ఉంది.

మన వైపు మాటే తీసుకుందాం. మీ బావమరిది వచ్చి, రెండెకరాల వరిచేను రొయ్యల చెరువుగా తవ్విద్దామనుకుంటున్నాను బావా, ఏమంటావు అని అడిగాడు.

'నీ వల్ల కాదు, మునిగిపోతావ్' అంటే అది బ్లంట్. బ్లంట్ అంటే మొండి కత్తి. తెగదు గానీ గాయం చేస్తుంది. వినేవాడి మనసు ఏమవుతుందో చెప్పేవాడికి పట్టలేదు.

'నేనైతే తవ్వను. రొయ్యలకి వైట్ స్పాట్ రోగం తగిలిందంటే పంట మొత్తం పోతుంది, ఆ రిస్కు నువ్వు తట్టుకోలేవు' అంటే అది ఫ్రాంక్. మొహమాటపడకుండా అభిప్రాయం చెప్పాడు.

'నేనూ వేశాను. మొదటి పంట బాగా వచ్చింది, అందరికీ అదే చెప్పుకున్నాను. రెండో పంటకి వైట్ స్పాట్ వచ్చింది. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టాను. ఆ సంగతి మీ అక్కకి కూడా ఏడాది దాకా చెప్పలేదు' అంటే, అది క్యాండిడ్. దాచుకునే వీలుంది, దాచుకుంటే తన పరువు నిలబడుతుంది, అయినా బయటపెట్టాడు. ఎదుటివాడి మేలు కోరి పెట్టాడు.

ఫ్రాంక్ మనిషికి నోరు తెరవడానికి ధైర్యం కావాలి. క్యాండిడ్ మనిషికి లోపలిది చూపించడానికి కావాలి. ఇది నా లెక్క. అన్ని వాక్యాల్లోనూ ఇంత ఖచ్చితంగా గీత గీయలేం, రెండూ కలిసిపోయే చోట్లు చాలా ఉన్నాయి. కానీ 'క్యాండిడ్ ఇంటర్వ్యూ' అని పత్రికలో రాశారంటే, ఆ నటుడో క్రికెటరో తన ఓటమి గురించో తన జబ్బు గురించో మాట్లాడి ఉంటాడని పాఠకుడు ఎదురు చూస్తాడు. ఎవరినో తిట్టి ఉంటాడని కాదు.

ఇక మాట పుట్టుక. లాటిన్‌లో క్యాండిడస్ అంటే మెరిసే తెలుపు. క్యాండిల్ అక్కడిదే. రోములో పదవులకి పోటీ చేసేవాళ్లు సుద్దతో తెల్లగా చేసిన వస్త్రం కట్టుకుని జనంలోకి వచ్చేవారు, అందుకే వాళ్లు క్యాండిడేట్లయ్యారు. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చినప్పుడు క్యాండిడ్ అంటే మొదట తెల్లనిది అనే. తర్వాత మచ్చలేనిది, ఆ తర్వాత ద్వేషం లేనిది. 1755లో వచ్చిన జాన్సన్ నిఘంటువు నాటికి తెలుపు అనే అర్థం అరుదైపోయింది, 'దురుద్దేశం లేని, మోసం లేని' అన్న అర్థం స్థిరపడింది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో, మా ఫిర్యాదులన్నీ 'క్యాండిడ్ వరల్డ్' ముందు పెడుతున్నాం అంటారు. అక్కడ లోకం మనసు విప్పి మాట్లాడుతుందని కాదు. పక్షపాతం లేకుండా వినే లోకం అని. అంటే ఒకప్పుడు ఇది వినేవాడి గుణం కూడా. చెప్పేవాడి గుణంగా మిగిలింది తర్వాత. నాకు ఈ మాటలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

అమ్మాయ్, మీ మేనేజర్ గారు రాసిన వాక్యం మొత్తం పెట్టు. ఒక్క మాట పట్టుకుని అర్థం చెప్పలేం.

భీమవరం లెన్సు

మాస్టారూ, నమస్తే. ఆ మాటని ఇంటింటికీ తెచ్చింది మేమే కాబట్టి నేనూ రాస్తున్నాను. ఇప్పుడు భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల ఏ పెళ్లికి రేటు మాట్లాడినా అడిగే మొదటి ప్రశ్న 'క్యాండిడ్ ఉందా?' అనే. ట్రెడిషనల్ అంటే స్టేజి మీద వరసగా నిలబెట్టి తీసేది. క్యాండిడ్ అంటే పోజు లేనిది.

ఒకటి చెబుతాను. మొన్న ఆకివీడు దగ్గర పెళ్లి. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తం. అన్ని కెమెరాలూ తెర మీదే. నేను పందిరి గుంజ పక్కన నిలబడి అటు తిరిగాను. పెళ్లికూతురి నాన్నగారు, అల్లుడి కాళ్లు కడిగిన ఇత్తడి పళ్లెం ఇంకా రెండు చేతులా పట్టుకునే ఉన్నారు. తీసుకునేవాళ్లు ఎవరూ లేరు, కింద పెట్టాలని ఆయనకీ తోచలేదు. కళ్లు కూతురి మీద ఉన్నాయి. బొటనవేలు మాత్రం పళ్లెం అంచు మీద అటూ ఇటూ రాస్తోంది. ఒక్క క్లిక్. ఆల్బం చేతికిచ్చినప్పుడు ఆ అమ్మాయి ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది. మిగతా పేజీలు ఆ రోజు తిప్పలేదు. నాకు తెలిసిన క్యాండిడ్ అదండీ.

పాలకొల్లు పిన్ని

బాబూ, నువ్వు చెప్పిన ఫొటో చదువుతుంటేనే గొంతు పట్టేసింది. కానీ ఇంకో వైపు కూడా చెప్పనివ్వు. మా ఆడపడుచు కొడుకు పెళ్లిలో నేను ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే తీశారు. మా తోటికోడలు పైట సర్దుకుంటుంటే తీశారు. రిసెప్షన్లో పెద్ద స్క్రీన్ మీద అవన్నీ వేశారు. ఆవిడ అక్కడి నుంచి లేచి వెళ్లిపోయింది, మళ్లీ భోజనానికి కూడా రాలేదు. అడిగితే 'క్యాండిడ్ అంటే అంతేనండీ' అన్నారు.

మాస్టారు గారు చెప్పిన బావ తన నష్టం తానే బయటపెట్టాడు. మా తోటికోడలు ఏమీ బయటపెట్టలేదు, ఎవరో లాక్కున్నారు. మనసు విప్పడం మనం చేసేది. తెలియకుండా చూడడం ఎదుటివాళ్లు చేసేది. ఈ రెండింటికీ ఒకే పేరు ఎలా సరిపోయింది?

భీమవరం లెన్సు

పిన్నిగారూ, అది జరగకూడదండీ. నేను భోజనాల పందిట్లోకి కెమెరా తీసుకెళ్లను. స్క్రీన్ మీద వేసే ఫొటోలు ముందురోజే ఇంటి ఆడవాళ్లకి చూపించి, వద్దన్నవి తీసేస్తాను. అందరూ అలా చేయరు, ఒప్పుకుంటున్నాను. మీ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మాస్టారే చెప్పాలి.

రాజోలు మాస్టారు

చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. 1920ల చివర్లో జర్మనీలో ఎరిక్ సాలమన్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. అప్పట్లో ఫొటో అంటే అందరూ బిగుసుకుని కూర్చోవాల్సిందే. ఆయన ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరాతో, ఫ్లాష్ లేకుండా, గదిలో ఉన్న వెలుతురుతోనే దేశాధినేతల సమావేశాల్లో ఫొటోలు తీశాడు. నాయకులు సోఫాల్లో వాలిపోయి, అలసిపోయి, వాదించుకుంటూ ఉన్న ఫొటోలు. అవి చూసి లండన్ పత్రికలో క్యాండిడ్ అన్న మాట వాడారు. 'క్యాండిడ్ కెమెరా' అనే జంట మాట ఆ రోజుల నుంచే ఉంది.

ఆ జంట మాటలో ఏది దేనికి విశేషణమో చూడండి. క్యాండిడ్ అయింది కెమెరా. ఫొటోలో ఉన్న మనిషి కాదు. కెమెరా తాను చూసింది చూసినట్టు చెప్పిందని అర్థం. మీ తోటికోడలు గారు ఏమీ విప్పలేదు, మీరు చెప్పింది నిజం. అందుకే క్యాండిడ్ ఫొటో అన్నప్పుడు ఆ మాట తీసేవాడి మీద బాధ్యత పెడుతుంది. దురుద్దేశం లేని అన్న పాత అర్థం ఇంకా ఆ మాటలో ఉందని నేను నమ్ముతాను. అది లేకపోతే ఆ ఫొటోకి ఆ పేరు చెల్లదు.

యానాం వాసి

మాస్టారూ, క్యాండిడ్ సంగతి చెప్పారు, ఫ్రాంక్‌ని వదిలేశారు. అది మా ఊరి మాట, నన్ను చెప్పనివ్వండి.

యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉందని మీ అందరికీ తెలుసు. మా దగ్గర ఫ్రాన్సుతిప్ప అనే ఊరు కూడా ఉంది. ఫ్రాన్సుకి ఆ పేరు ఫ్రాంకులు అనే జాతి వల్ల వచ్చింది. వాళ్లు రోమన్ల గాల్ దేశాన్ని గెలుచుకున్నాక, అక్కడ పూర్తి స్వేచ్ఛ ఉన్నవాళ్లు వాళ్లే అయ్యారు. దాంతో ఫ్రాంక్ అంటే స్వేచ్ఛగలవాడు అని అర్థం మారింది. స్వేచ్ఛ ఉన్నవాడు ఎవరికీ జంకకుండా మాట్లాడతాడు. ఇప్పటి ఫ్రాంక్ అలా వచ్చింది.

అదే జాతి పేరు అరబ్బుల నోట, పర్షియా వాళ్ల నోట పడి ఫరంగీ అయింది, యూరప్ నుంచి వచ్చినవాడు అని. మన తెలుగులోకి పరంగి అనీ ఫిరంగి అనీ వచ్చింది. వాళ్లు తెచ్చిన పెద్ద తుపాకీకీ అదే పేరు పెట్టేశాం. అంటే బాబాయి గారు బ్యాంకులో 'ఫ్రాంక్‌గా చెప్పాలంటే' అన్నప్పుడల్లా, కోట బురుజు మీద ఫిరంగికి చుట్టమైన మాట వాడుతున్నారు. నాకు చిన్నప్పుడు మా తాతగారు ఇది చెప్పినప్పటి నుంచీ, ఏ మాట వెనక ఏ ఊరు ఉందో చూడడం అలవాటైపోయింది.

తెలుగు పంతులు, నరసాపురం

చదువుతూ కూర్చున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను. లంకపిల్ల అడిగిన రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. తెలుగులో ఏది సరిపడుతుంది అని.

లాటిన్ వాడు తెలుపు నుంచి ఈ మాట తీశాడని మాస్టారు చెప్పగానే నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే మనమూ అదే చేశాం, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా. తెలుపు అంటే రంగు. తెలుపు అంటే చెప్పు, తెలియజేయి అని కూడా. 'మీ అభిప్రాయం తెలుపగలరు' అని రోజూ రాస్తాం కదా. తెల్ల, తెలుసు, తెలివి, తెల్లవారడం, తేట, తేటతెల్లం, ఇవన్నీ ఒకే కుదురు. ఆ మూలధాతువుకి స్పష్టంగా ఉండడం, మురికి లేకుండా ఉండడం అని అర్థం. రంగూ, జ్ఞానమూ, చెప్పడమూ ఒకే వేరు నుంచి మొలిచాయి.

నీళ్ల సంగతి మన డెల్టా వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో కాలవలు కట్టేస్తారు. జూన్లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదులుతారు. వరద మొదలయ్యాక వచ్చేదంతా ఎర్రనీరు. నా చిన్నతనంలో మా అమ్మమ్మ కాలవలోంచి బిందెతో తెచ్చిన నీళ్లు మట్టి బానలో పోసి, ఇండుప గింజని బాన లోపలి గోడకి అరగదీసేది. తర్వాత రోజుల్లో పటిక ముక్క తిప్పేవారు. రాత్రి పెట్టిన బాన పొద్దున్న మూత తీస్తే, అడుగున వేలెడు మందాన ఎర్రమట్టి, పైన నీళ్లు. బాన అడుగున చిన్న పగులుంటే అది కూడా కనిపించేది. 'నీళ్లు తేరాయి' అనేది. పై నీళ్లు కదలకుండా ముంతతో తీసేది, చేతి గాజులు మోగకుండా.

మనిషి మాట కూడా అలా తేరినప్పుడు 'తేటగా చెప్పాడు' అంటాం. క్యాండిడ్‌కి నేను ఇదే రాస్తాను. అడుగున ఉన్నది కనిపించేలా మాట్లాడడం.

ఇంకొక్కటి. ఆ లాటిన్ మాటకి మన సంస్కృతంలో చుట్టం ఉంది. చంద్ర శబ్దం. మెరిసేది అనే అర్థంలో రెండూ ఒకే ప్రాచీన మూలానివని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. వేదంలో దీనికి 'శ్చంద్ర' అనే రూపం కూడా ఉంది, అదే హరిశ్చంద్ర అన్న పేరులో నిలిచిపోయింది. మన ఊళ్లలో తీర్థాలకి రాత్రంతా మేలుకుని కాటిసీను పద్యాలు విన్నవాళ్లం. అబద్ధమాడని ఆ రాజు పేరులోనే ఈ వేరు ఉందని అప్పుడు తెలియదు.

ల్యాబు, రామచంద్రపురం

మా దగ్గర రిపోర్టుల్లో క్యాండిడా అని రాస్తాం, అది ఒక రకం ఫంగస్. నోట్లో, నాలుక మీద తెల్లగా పేరుకుంటుంది. పూర్తి పేరు క్యాండిడా అల్బికన్స్. ఆల్బస్ అన్నా లాటిన్‌లో తెలుపే. రెండు మాటలూ తెలుపే అన్నమాట. రోజూ రాస్తున్న పేరుకి అర్థం ఇవాళ తెలిసింది.

ముక్కామల కుర్రాడు

మాస్టారూ, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి చదువుతున్నాను. మాక్ టెస్టులో క్యాండిడ్ అనుకుని చివర 'ఐఈడీ' రాస్తే తప్పు కొట్టారు. రెండూ వేరా?

రాజోలు మాస్టారు

వేరు నాయనా. నువ్వు రాసింది క్యాండీడ్, చక్కెర పాకం పట్టినది. క్యాండీ అన్న మాట మన సంస్కృత ఖండ నుంచి, అంటే చక్కెర ముక్క నుంచి, పర్షియా, అరబ్బు దేశాల మీదుగా వాళ్లకి వెళ్లింది. మన కలకండలోనూ ఆ ఖండమే ఉంది. క్యాండిడ్ చివర ఐడీ మాత్రమే, పలికేటప్పుడు మొదటి అక్షరం మీద ఒత్తు, రెండోది పొట్టిగా. నామవాచకం క్యాండర్, బ్రిటిష్ వాళ్లు దానిలో 'యు' కలుపుతారు, అమెరికా వాళ్లు కలపరు. పరీక్షలో ఏదో ఒకటే పద్ధతి పాటించు.

లంకపిల్ల, అమలాపురం

అందరికీ దండాలండి. ఇంత రాస్తారని అనుకోలేదు. పంతులు గారూ, మీరు రాసిన బాన గురించి నాయనమ్మకి చదివి వినిపించాను. 'గాజులు మోగకుండా' దగ్గర నవ్వి, తన చేతులు చూసుకుంది.

మాస్టారు వాక్యం మొత్తం పెట్టమన్నారు. మొదట్లో పెట్టడానికి జంకాను, నిజం చెప్పాలి. ఇదీ ఆ వాక్యం: 'షి ఈజ్ క్యాండిడ్ అబౌట్ రిస్క్స్, సమ్‌టైమ్స్ టు ఎ ఫాల్ట్.'

జరిగింది కూడా చెబుతాను. క్లయింటుతో కాల్‌లో ఉన్నాం. పని నెలాఖరుకి అయిపోతుందని మావాళ్లు చెబుతున్నారు. అది అవ్వదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ భాగం నేనే చేస్తున్నాను, టెస్టింగ్‌లో తప్పులు వస్తున్నాయి. నన్ను అడిగారు. 'ఇంకో మూడు వారాలు పడుతుంది, నేను మొదట వేసిన అంచనా తప్పు' అన్నాను. కాల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా తప్పు నేనే చెప్పాను కదా, అందులో తప్పేముంది అని ఇప్పటికీ అనిపిస్తోంది.

బ్యాంకు బాబాయి, తణుకు

నా మొదటి జవాబు వెనక్కి తీసుకుంటున్నానమ్మా. మొత్తం చదవకుండా 'నిశ్చింతగా పడుకో' అనేశాను.

రాజోలు మాస్టారు

'టు ఎ ఫాల్ట్' అనే మాట చాలామంది తప్పుగా చదువుతారు. ఫాల్ట్ అని ఉంది కదా, నేరం మోపారనుకుంటారు. కాదు. ఒక మంచి గుణం పేరు చెప్పి, దాని తర్వాతే ఇది వాడతారు. 'జెనరస్ టు ఎ ఫాల్ట్' అంటే చేతికి ఎముక లేనివాడు, అంత పెట్టడం వల్ల తనకే నష్టం తెచ్చుకుంటాడు అని. ఆ గుణం మంచిదేనని ఒప్పుకుంటూ, మోతాదు కాస్త ఎక్కువైందని చెప్పడం. కాబట్టి మీ అన్నయ్యా సగం రైటే, నువ్వూ సగం రైటే.

ఆ వాక్యంలో ఉన్నదొకటీ లేనిదొకటీ చూడు. క్యాండిడ్ తర్వాత రెండు మాటలు వస్తాయి. దేని గురించి అన్నది చెప్పడానికి 'అబౌట్'. ఎవరితో అన్నది చెప్పడానికి 'విత్'. మీ మేనేజర్ గారు అబౌట్ రాశారు, విత్ రాయలేదు. నాకు అనిపించేది ఏమిటంటే, ఆయనకి ఇబ్బంది నువ్వు చెప్పిన విషయంతో కాదు. ఎవరి ముందు, ఏ గంటకి చెప్పావన్నదే. ఆ మూడు వారాల సంగతి ఆయనకి ముందురోజే తెలుసా?

లంకపిల్ల, అమలాపురం

లేదండి. ఎవరూ అడగలేదని చెప్పలేదు.

మండపేట నర్సు

నేను ఇంగ్లండులో ఆసుపత్రిలో పని చేస్తున్నాను. అక్కడ ఈ మాట చట్టంలోనే ఉంది తల్లీ, అందుకే రాస్తున్నాను. 'డ్యూటీ ఆఫ్ క్యాండర్' అంటారు. ఒక పెద్ద ఆసుపత్రిలో రోగుల పట్ల జరిగిన ఘోరమైన నిర్లక్ష్యం మీద విచారణ జరిగి 2013లో నివేదిక వచ్చింది. ఆ తర్వాత 2014 నవంబరు నుంచి ప్రభుత్వ ఆసుపత్రులకి ఇది చట్టబద్ధమైన బాధ్యత అయింది. వైద్యంలో ఏదైనా పొరపాటు జరిగి రోగికి చెప్పుకోదగ్గ హాని కలిగితే, వాళ్లు అడిగే దాకా ఆగకూడదు. మనమే వెళ్లి ఏం జరిగిందో చెప్పాలి, క్షమాపణ అడగాలి, కాగితం మీద రాసి ఇవ్వాలి.

అడిగే దాకా ఆగకూడదు అన్నదే అక్కడ ప్రాణం. అడిగితే నిజం చెప్పడం నిజాయితీ. అడగకముందే వెళ్లి చెప్పడం క్యాండర్. నా డ్యూటీలో ఒకసారి ఒక పెద్దాయన మంచం మీద నుంచి లేస్తూ పడి తుంటి ఎముక విరిగింది. మంచం పక్కనుండే కడ్డీ పైకి లేపి లేదు. ఆ రాత్రే వాళ్ల అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాలి. డయల్ చేస్తుంటే నా వేళ్లు సరిగా పడలేదు. చెప్పాను, కడ్డీ లేపి లేదని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత 'నువ్వు చెప్పావు, నాకు ఇంకొకరి ద్వారా తెలియలేదు' అంది. కోపం పోలేదు, కానీ మర్నాటి నుంచి ఏ సందేహం ఉన్నా నన్నే అడిగేది.

పాలకొల్లు పిన్ని

నర్సమ్మా, చదివి కళ్లు తుడుచుకున్నాను. తెలుగు మాటల సంగతి నేనూ ఒకటి కలుపుతాను. ఏది ఉన్నా కడుపులో ఉంచుకోకుండా ఊరంతా చెప్పేసేవాళ్లని 'నోట్లో నువ్వుగింజ నానదు' అంటాం. అది క్యాండిడ్ కాదు, కదండీ పంతులు గారూ? వాళ్లు చెప్పేది ఎక్కువగా పక్కింటి వాళ్ల గుట్టే. ఇక ఇద్దరు మనుషుల మధ్య దాపరికం లేకపోతే 'అరమరికలు లేకుండా మాట్లాడుకున్నారు' అంటారు మా అత్తగారు. పెళ్లయిన కొత్తలో ఆవిడ నన్ను పెరట్లో కూర్చోబెట్టి, ఈ ఇంటి అప్పులు ఎంత, ఎవరికి ఇవ్వాలి అన్నీ చెప్పేశారు. మా ఆయన కూడా చెప్పలేదు నాకు. ఆ పూట కొబ్బరిచెట్టు కింద ఆవిడ నాతో మాట్లాడిన తీరుకి ఇంగ్లీషు మాట కావాలంటే ఇదే కదా.

తెలుగు పంతులు, నరసాపురం

సరిగ్గా పట్టుకున్నారమ్మా. ఒక్క మాటకి ఒక్క మాట అని పట్టుబట్టిన నేనే సర్దుకోవాలి. ఇద్దరి మధ్య సంభాషణ అయితే అరమరికలు లేని. చెప్పే తీరు అయితే తేటగా. మనిషి స్వభావం అయితే కల్లాకపటం లేని. ఫొటో అయితే సహజంగా తీసిన, అంతే. 'కుండబద్దలు కొట్టినట్టు' మాత్రం క్యాండిడ్‌కి రాయకండి, అది మాస్టారి మొండి కత్తి వైపు వెళ్తుంది. ఆఫీసులూ ప్రభుత్వాల విషయంలో పారదర్శకత అంటున్నాం, అది ట్రాన్స్‌పరెంట్‌కి వచ్చిన మాట. మనిషికి అంటే ఎందుకో గాజులా ఉంటుంది.

లంకపిల్ల, అమలాపురం

ఇవాళ పొద్దున్న మేనేజర్ గారికి ఫోన్ చేశానండి. సూటిగా అడిగాను, ఆ వాక్యానికి మీ ఉద్దేశం ఏమిటని. ఆయన చెప్పింది: 'మూడు వారాలని నువ్వు చెప్పడం వల్లే ప్రాజెక్టు నిలబడింది. లేకపోతే నెలాఖరున అందరం తలదించుకునేవాళ్లం. కానీ ఆ మాట క్లయింటు కన్నా ముందు నేను వినాలి.' జీతం గురించి ఆయన ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. మాస్టారూ, విత్ సంగతి మీరన్నట్టే ఉంది.

రివ్యూ కింద మన జవాబు రాయడానికి చిన్న గడి ఉంటుంది. ఇలా రాశాను, చూడండి: 'ఐ విల్ కంటిన్యూ టు బి క్యాండిడ్, అండ్ ఐ విల్ బి క్యాండిడ్ టు యు ఫస్ట్.' పంపేయనా?

రాజోలు మాస్టారు

ఒక్క మాట మార్చు తల్లీ. 'క్యాండిడ్ టు యు' కాదు, 'క్యాండిడ్ విత్ యు'. మిగతాదంతా అలాగే ఉంచు.

లంకపిల్ల, అమలాపురం

మార్చి పంపేశానండి.